చిట్టాలో వ్రాసిన మాట

(ప్లాటినం జూబిలీ సందర్భంగా చేసిన ప్రసంగపాఠం)



రైలు టికెట్టు కొరకు సెల్‌ఫోను పట్టుకొని కూర్చొన్న గృహస్థునికి ఒక్కొక్కసారి విచిత్రమైన సంకటం ఎదురవుతుంది. ఖాతానుండి సొమ్ము తీసినట్లు బ్యాంకు సందేశం వస్తుంది. టికెట్టు మాత్రం రాదు. తెరమీద ఒక చక్రం తిరుగుతూనే ఉంటుంది. సొమ్ము పోయినట్లా, ఉన్నట్లా? మరల మీట నొక్కితే రెండుమారులు పోతుందేమో! ఈ సందేహం సామాన్యుని అజ్ఞానంవల్ల కలిగినది కాదు. ఆ క్షణంలో యంత్రాలకు సైతం ఆ సంగతి తెలియకపోవచ్చును. అది ఎందువల్లనో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఒక్క టికెట్టు వెనుక పలుచోట్ల పని జరుగుతుంది. ఫోనునుండి కోరిక ఒక సందేశంగా బయలుదేరుతుంది. దానిని అందుకొని పని నడిపించేది అప్లికేషన్ సర్వరు. సొమ్ము లెక్క బ్యాంకు డేటాబేసులోను, బెర్తు లెక్క రైల్వే డేటాబేసులోను ఉంటాయి. సందేశాలు తరచుగా ఒక క్యూలో నిలిచి, పోస్టుపెట్టెలోని ఉత్తరాలవలె తమ వంతు కొరకు వేచి ఉంటాయి. సర్వరు ఒక ఉత్తరం తీసుకొని, డేటాబేసులో వ్రాసి, 'అందినది' అని క్యూకు చెప్పాలి. వ్రాసిన తరువాత, చెప్పకమునుపే విద్యుత్తు పోయినదనుకొందాం. క్యూ అదే ఉత్తరాన్ని మరల ఇస్తుంది. పని రెండుమారులు జరుగుతుంది. పోనీ, ముందే 'అందినది' అని చెప్పి, వ్రాయకమునుపే సర్వరు ఆగిపోతే ఆ ఉత్తరం శాశ్వతంగా మాయమవుతుంది. ఏ పని ముందు చేసినా చిక్కే.

ఒకే డేటాబేసులో జరిగే లావాదేవీకి ఈ చిక్కు చాలవరకు ఎన్నడో తీరినది. అందుకు ఉపకరించినది మన షావుకారు దుకాణాల గుమాస్తాలకు చిరపరిచితమైన పద్ధతే. ఆవర్జా దిద్దకమునుపు చిట్టాలో వ్రాయడం. యంత్రం కూడా చేయబోయే మార్పును ముందుగా చిట్టాకెక్కిస్తుంది. మధ్యలో ఆగిపోయినా, లేచిన వెంటనే చిట్టా చదువుకొని, సగంలో ఉన్నవాటిని రద్దు చేసి, నిశ్చయమైనవాటిని పూర్తి చేస్తుంది. అంతా జరగాలి, లేదా ఏమీ జరగకూడదు.

చిట్టాలు రెండైనప్పుడు ఏమి చేయాలి? దీనికి రెండు దశల పద్ధతిని అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1978లో వెలువరించిన ఒక దీర్ఘవ్యాసంలో వివరించారు. ఒక సమన్వయకర్త ఉంటాడు. అతడు మొదట అందరినీ 'సిద్ధమా?' అని అడుగుతాడు. ప్రతి డేటాబేసు తన చిట్టాలో వ్రాసుకొన్న పిమ్మటనే 'సిద్ధం' అంటుంది. ఒక్కరు కాదన్నా అందరూ విరమిస్తారు. అందరూ ఔనంటే సమన్వయకర్త నిర్ణయాన్ని తన చిట్టాలో వ్రాస్తాడు. లావాదేవీ స్థిరపడేది ఆ వ్రాతతోనే. తరువాత చెప్పేది కబురు మాత్రమే. గ్రే దీనిని క్రైస్తవ వివాహంతో పోల్చారు. మతగురువు వధూవరులను వేరువేరుగా అడిగి, ఇద్దరి సమ్మతీ విన్న తరువాతనే దంపతులని ప్రకటిస్తాడు గదా! మన ఇళ్లలోనైతే మొదటి దశకు నిశ్చయతాంబూలం ఇంకా దగ్గరి పోలిక. అది పుచ్చుకొన్న తరువాత వెనుకకు పోరాదు, ముహూర్తం వచ్చేవరకు ముందుకూ పోరాదు.

అసలు బాధ అక్కడనే ఉన్నది. 'సిద్ధం' అన్న డేటాబేసుకు ఆపైన కబురు రాకపోతే అది ఏమి చేయాలి? కానిద్దామంటే అవతలివారు విరమించి ఉండవచ్చు. విరమిద్దామంటే అవతల జరిగిపోయి ఉండవచ్చు. కనుక బెర్తుకు వేసిన తాళం తీయక వేచి ఉంటుంది. ఆ బెర్తు కావలసిన ఇతరులు కూడా వేచి ఉంటారు.

ఈ సందిగ్ధాన్ని పూర్తిగా తొలగించలేమని నిరూపించే కథ ఒకటి కలదు. 1975లో ముగ్గురు పరిశోధకులు దానిని దొంగల ముఠాల కథగా చెప్పగా, గ్రే సేనాధిపతుల కథగా మార్చారు. ఒకే పక్షానికి చెందిన ఇద్దరు సేనాధిపతులు రెండు కొండలమీద విడిది చేశారు. నడుమ లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేవేళ దిగితే జయం, ఒక్కరే దిగితే నాశనం. 'తెల్లవారుజామున' అని మొదటివాడు కబురు పంపాడు. వార్తాహరుడు దారిలో పట్టుబడలేదని అతనికెట్లా తెలుస్తుంది? రెండవవాని బదులు రావాలి. ఆ బదులు చేరినదని రెండవవానికెట్లా తెలుస్తుంది? దానికి మరొక బదులు రావాలి. ఎన్ని కబుర్లు నడిచినా చివరి కబురు చేరినదా లేదా అన్న శంక ఎవరో ఒకరికి మిగులుతూనే ఉంటుంది. పదవ తరగతి బాలబాలికలకు ఈ కథ చెప్పి చూడవచ్చు. గంట మ్రోగినా వాదన ఆగదు.

క్యూలు, డేటాబేసులు ఒకే సమన్వయకర్త మాట వినగలిగేటట్లు 1991లో ఎక్స్‌/ఓపెన్ సంస్థ ఎక్స్‌ఏ అనే ప్రమాణాన్ని ప్రకటించినది. ఒకే సంస్థ ప్రాంగణంలో అది బాగుగా ఉపకరిస్తుంది. కాని ఒక సంస్థ తన తాళాలను మరొక సంస్థ కబురు వచ్చేవరకు బిగించి ఉంచడానికి సులభంగా సమ్మతించదు. అది న్యాయమే. అందుచేత హెక్టర్ గార్సియా-మోలీనా, కెనెత్ సేలం అనే ఇద్దరు 1987లో ప్రతిపాదించిన 'సాగా' పద్ధతి ఇటువంటిచోట్ల ఆదరణ పొందినది. పెద్ద పనిని చిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్కదానిని అప్పటికప్పుడే ముగిస్తారు. మధ్యలో ఏదైనా చెడితే, జరిగినవాటికి విరుగుడు పనులు చేస్తారు. సొమ్ము తీసినది నిజం, బెర్తు దొరకలేదు, కనుక సొమ్ము తిరిగి వేయాలి. దీనికి తోడు ప్రతి లావాదేవీకి ఒక సంఖ్య ఇస్తారు. అదే సంఖ్యతో అదే ఉత్తరం రెండవమారు వస్తే సర్వరు పని చేయదు, పాత జవాబునే చెబుతుంది.

ఈ సందిగ్ధకాలానికి ప్రభుత్వ వ్యవస్థ కూడా గడువు పెట్టవలసి వచ్చినది. యూపీఐ ద్వారా పంపిన సొమ్ము పంపినవారి ఖాతాలో తగ్గి, అందవలసిన ఖాతాకు చేరకపోతే, మరుసటి రోజులోగా దానంతట అదే తిరిగి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చినది. అడుగకుండానే రావలసిన సొమ్ము అది. చాలమందికి ఆ సంగతి తెలియదు.

ఒక్క జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. పైన చెప్పిన సంఖ్య ఆ ఒక్క లావాదేవీకే రక్ష. తెర మూసి, మొదటినుండి క్రొత్తగా పని ప్రారంభిస్తే క్రొత్త సంఖ్య పుట్టవచ్చు. అప్పుడు యంత్రం దృష్టిలో అది వేరొక కొనుగోలు. కనుక చక్రం తిరుగుతూ ఆగిపోయినప్పుడు ముందుగా టికెట్ల జాబితాను, పిమ్మట బ్యాంకు ఖాతాను చూసుకోవాలి. సందేశంలో వచ్చిన లావాదేవీ సంఖ్యను ఒక కాగితంమీద వ్రాసి ఉంచుకోవాలి. ఫిర్యాదు చేయవలసి వస్తే బ్యాంకువారు మొదట అడిగేది దానినే.