ఆరు, పన్నెండు, పద్దెనిమిది: ఫర్వానియా రూములో ఒక ఏనుగు బొమ్మ

నేను ఫర్వానియాలో ఉంటాను, బిల్డింగ్ పనుల్లో సూపర్‌వైజర్‌ని. నలభై అయిదు దాటాయి. చదివింది ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఈవేళ కాంక్రీటు గురించి కాదండీ, ఊలుతో చిన్న చిన్న బొమ్మలు అల్లడం గురించి మాట్లాడతాను. నవ్వుకోండి, పర్లేదు. మా రూములో వాళ్ళూ నవ్వారు.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో బయటి పని చేయించకూడదని రూలు ఉంది. ఆ అయిదు గంటలూ నాకు ఫోన్ చూడ్డంతోనే పోయేవి. ఒకరోజు మా వీధి బకాలాకి పెరుగు కొనడానికి వెళ్తే, కౌంటర్ దగ్గర ఫిలిప్పీన్స్ అమ్మాయి తాబేలు బొమ్మ అల్లుతోంది. చేతిలో సూది చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అది లేసు సూది! మా అమ్మ చేతిలో నేను పుట్టినప్పటి నుంచీ చూసిందే, కాకపోతే కాస్త లావుది.

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నరసాపురం లేసు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. తర్వాత మా డెల్టా ఊళ్ళల్లో అరుగు అరుగుకీ పాకిపోయింది. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అల్లేది ఇళ్ళల్లో ఆడవాళ్ళు, దారం ఇచ్చి సరుకు పట్టుకెళ్ళేది ఏజెంట్లు. మా అమ్మ మధ్యాహ్నం వంటయ్యాక కూచుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. అయినా రోజుకి పది రూపాయలు పడితే గొప్ప.

సరే, ఆ అమ్మాయి నాకు 2.5 మిల్లీమీటర్ల సూది ఒకటి ఇచ్చి, ఈ బొమ్మల్ని అమిగురుమి అంటారని చెప్పింది. జపాన్ మాటండి. అమి అంటే అల్లిక, నుయిగురుమి అంటే లోపల దూది కుక్కిన బొమ్మ. ఊలు ఉండలు కొనుక్కొచ్చి మొదలెట్టాను.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు చెప్తాను. మొదట లేత రంగు ఊలు తీసుకోండి. నలుపులో కుట్టు కనపడదు, నూగు ఎక్కువుంటే అసలు కనపడదు. ఊలు చీటీ మీద రాసిన సైజు కన్నా సన్నటి సూది వాడండి. అల్లిక బిగువుగా ఉంటేనే లోపలి దూది బయటికి తొంగిచూడదు. బిగించుకునే ఉచ్చు ఒకటి వేసి, అందులో 6 కుట్లు. తర్వాత వరసకి 12, ఆ తర్వాత 18, 24. అంటే వరసకి ఆరు పెంచాలి.

ఆరే ఎందుకు? డ్రాయింగ్ చదివినవాణ్ణి కదా, నాకు అక్కడే సరదా పుట్టింది. చుట్టుకొలత అంటే వ్యాసార్ధానికి ఆరుంపావు రెట్లు. ఈ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. కాబట్టి వరసకి ఆరు పెంచితే బిళ్ళ చదునుగా వస్తుంది. తగ్గిస్తే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే పావడా అంచులా అలలు తేలుతుంది. బొమ్మ తల కావాలంటే కొన్ని వరసలు పెంచి, కొన్ని మార్చకుండా పోనిచ్చి, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. మూతి మూసేలోపే దూది కుక్కాలి. వరసలు పాములా చుట్టుకుపోతాయి, మొదలూ చివరా తెలీదు. అందుకని మొదటి కుట్టుకి ఒక పిన్నీసు తగిలించుకోండి.

ఇంకోటి. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషా అన్నదాన్నే బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషా అంటారు. నాకది తెలీదు. వీడియోలు అమెరికావి, చూసిన కాగితం బ్రిటన్‌ది. ఏనుగు తల మొత్తం పొడుగు కుట్లతో అల్లేశాను. దూది పెడితే జల్లెడలోంచి పిండి వచ్చినట్టు వచ్చేసింది.

ఆ తల పట్టుకుని అమ్మకి వీడియో కాల్ చేశాను. అసలు మా ఫోన్లు ఎలా ఉండేవంటే, తిన్నావా, తిన్నాను, ఎండలెలా ఉన్నాయి, ఉన్నాయి. రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ రోజు నలభై నిమిషాలు! అమ్మ జీవితంలో బొమ్మ అల్లలేదు, అన్నీ బల్ల మీద పరిచే లేసులే. కానీ చూడగానే, "ఒరే, దారం రెండుసార్లు లాగుతున్నావు, ఒక్కసారే లాగు" అంది. కళ్ళకి శుక్లాలు వచ్చి సన్న దారం మానేసి మూడేళ్ళయింది, అయినా తప్పు పట్టేసింది.

తర్వాత అడిగింది: "దీనికి కూలి ఎంతిస్తారు నాన్నా?"

నా దగ్గర జవాబు లేదండి. రోజూ సైటులో ఎంత పనికి ఎంతమంది, ఎన్ని గంటలు అని లెక్కలు రాసేది నేనే. ఆ ఏనుగుకి లెక్కేస్తే 22 గంటలు తేలాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఐటీఐ అప్లికేషన్‌లో తల్లి వృత్తి అనే గడి ఉంటే నేను "ఏమీ లేదు" అని రాశాను. ఆ ఫీజు కట్టింది లేసు డబ్బులతోనే. ఇన్నేళ్ళుగా అదేదో కాలక్షేపం అనే అనుకున్నాను.

వారం తర్వాత ధైర్యం చేసి ఆ సంగతి అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "అప్పుడు అందరూ అలాగే రాసేవారులే. ముందు కుట్లు లెక్కెట్టు, పదిహేడే ఉన్నాయి" అంది. నిజంగానే పదిహేడే ఉన్నాయి.

మొన్న సెలవుకి వెళ్ళే మా ఊరి కుర్రాడితో లావు ఊలు, 4 మిల్లీమీటర్ల సూది పంపించాను. లావు దారమైతే చేతికి తెలుస్తుందంట, కళ్ళతో పని తక్కువంట. ఏనుగు ఒళ్ళు ఇక్కడ నా మంచం మీద ఉంది, చెవులు అక్కడ అమ్మ అల్లుతోంది. నా చేతికి తన చేతికి బిగువు తేడా, పైగా ఊలు లావు తేడా, చెవులు కాస్త పెద్దవే వస్తాయి. ఏనుగుకి పెద్ద చెవులే అందం కదండీ.

కళ్ళు ఇంకా పెట్టలేదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మకి ప్లాస్టిక్ కళ్ళు వద్దు, ఊడితే మింగేస్తారు. నల్ల దారంతో కుట్టేయండి. ఇది మా చెల్లెలి మనవరాలికి, దానికి ఇంకా ఏడాది నిండలేదు.

మీ ఇంట్లో కూడా లేసు సూది ఎక్కడో డబ్బాలో ఉండే ఉంటుంది. సెలవుకి వెళ్ళినప్పుడు దాన్ని ఒకసారి అడిగి చూడండి, ఎన్ని గంటలు పని చేసిందో. ఉంటానండి, నమస్కారం.