అమ్మ మనసులో ముల్లు

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)



పొద్దంతా నాట్లు వేశారు. ఇంటికి వచ్చి పొయ్యి రాజేశారు. పిల్లలకు ఇంత పెట్టి ఇక్కడికి వచ్చారు. కొందరి ఒళ్లో బిడ్డలు నిద్రపోతున్నారు. వాళ్లు లేవకుండా నెమ్మదిగానే మాట్లాడతాను.

పోయిన వారం జరిగింది గుర్తుందా? "మీ బిడ్డ గురించి ఒక్క వాక్యం రాయండి" అన్నాను. "నా బిడ్డ ముద్దుగా ఉంటుంది" అని రాస్తారనుకున్నాను. ఒక అక్క పలక ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి ఇలా రాసింది.

"నా బిడ్డ ఏడుస్తుంటే నేను నాటుకు పోయాను."

రాసి, పలక బోర్లించింది. పక్కనున్న అక్క ఆ పలక తిప్పి, కూడబలుక్కుని చదివింది. తన పలక మీద "నేనూ పోయాను" అని రాసింది. ఇంకొకామె "నాకు పాలు చాల్లేదు" అని రాసింది. మరొకామె "కోపంలో కొట్టాను" అని రాసింది. ఆ రోజు నేను ఎవరి పలకలోనూ తప్పులు దిద్దలేదు.

నాకింకా పెళ్లి కాలేదు. పిల్లల్ని పెంచడం మీకు నేర్పేంత దాన్ని కాను. కానీ నేనూ ఒక కూలితల్లి బిడ్డనే. మా అమ్మ వేపకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, నన్ను అందులో వేసి, మిరపకాయలు కోసేది. ఆ చేతులతో ముట్టుకుంటే బిడ్డకు మంట. అందుకని చేతులు కడిగి, మళ్లీ కడిగి, అప్పుడు వచ్చేదట. అంతసేపూ నేను ఏడుస్తూ ఉండేదాన్నట. "నిన్ను ఏడిపించానమ్మా" అని అమ్మ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది.

నాకా ఏడుపు గుర్తే లేదు. నాకు గుర్తున్నది వేరు. కాస్త పెద్దయ్యాక సాయంత్రం వాకిట్లో కూర్చునేదాన్ని. అమ్మ వచ్చి కొంగుముడి విప్పితే అందులో రేగుపళ్లు ఉండేవి.

బిడ్డ ఏడ్చి మరిచిపోయింది. ముల్లు మాత్రం అమ్మ మనసులో ఉండిపోయింది.

కాలిలో ముల్లు దిగితే ఏం చేస్తాం? దీపం దగ్గర పెట్టుకుని చూస్తాం. ఎక్కడుందో తెలిస్తే పిన్నీసుతో తీస్తాం. ఈ ముల్లునూ అలాగే చూద్దాం.

మొదటిది, పనికి పోవడం. మనం ఎందుకు పోతున్నాం? పోకపోతే పొయ్యి వెలగదు. "బిడ్డను వదిలి ఎలా వచ్చావమ్మా?" అని తల్లిని అందరూ అడుగుతారు. తండ్రిని ఎవరైనా అడిగారా? ఎప్పుడూ అడగరు. బిడ్డ ఇద్దరిదీ. ముల్లు మాత్రం ఒక్కరిదేనా?

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. పని చోటికి 6 ఏళ్ల లోపు పిల్లలు 5 మంది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, వాళ్లను చూడడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని అందులో రాశారు. ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. అంటే ఏమిటి? బిడ్డను చూడడం కూడా పనే. అది తల్లి ఒక్కతే మోయవలసిన బరువు కాదు.

రెండోది, పాలు. బిడ్డ ఏడ్చిందంటే పాలు చాలలేదని కాదు. ఉక్కపోసినా ఏడుస్తుంది, నిద్ర వచ్చినా ఏడుస్తుంది. బిడ్డ రోజుకు 6 సార్లు, అంతకన్నా ఎక్కువ ఉచ్చ పోస్తోందా? అంగన్‌వాడీలో తూకం వేస్తే బరువు పెరుగుతోందా? అయితే పాలు చాలుతున్నట్టే. 6 నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. నీళ్లు కూడా అక్కర్లేదు. బరువు పెరగకపోతే నర్సమ్మకు చూపించండి. ఎండలో పని చేసి వచ్చామని కొందరు పాలు పిండి పారబోస్తారు. ఎండకు తల్లిపాలు చెడిపోవు. రాగానే పట్టవచ్చు.

పనికి పోయేటప్పుడు ఒక ఉపాయం ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. మరిగిన నీళ్లతో కడిగిన గిన్నెలోకి పాలు పిండండి. మూత పెట్టి చల్లని చోట ఉంచండి. 4 గంటల లోపు ఇంట్లోవాళ్లు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఎండాకాలంలో ఇంకా ముందే పట్టేయాలి. మిగిలినవి దాచవద్దు.

మూడోది, కొట్టడం. అక్కా, అది మంచిదని నేను అనను. మంచిది కాదని నీకూ తెలుసు. తెలుసు కనుకనే రాశావు. ఇక మీదట కోపం ముంచుకొస్తే బిడ్డను కింద చాప మీద పడుకోబెట్టు. వాకిట్లోకి వచ్చి చెంబెడు నీళ్లు తాగు. పొరుగామెను కేకెయ్యి. పసిబిడ్డను పట్టుకుని గట్టిగా ఊపవద్దు. మెదడుకు దెబ్బ తగులుతుంది. ఇది మన చేతిలో ఉన్న పని. చేతిలో ఉన్నదాన్ని మార్చుకుంటే చాలు. రోజూ కుమిలిపోతే బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

ఇంకొక మాట జాగ్రత్తగా వినండి. కాన్పయిన కొద్ది రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. అది తగ్గిపోతుంది. 2 వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడాలని అనిపించకపోతే, చచ్చిపోదామనిపిస్తే, అది జబ్బు. గాలి సోకడం కాదు, బద్ధకం కాదు, మీ తప్పూ కాదు. దానికి వైద్యం ఉంది. ఆశా కార్యకర్తకు చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416 నంబరుకు ఫోను చేయండి. డబ్బు అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడతారు.

ఈ మాటలు బయటికి చెబితే సిగ్గు అనుకుంటున్నారా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మనలాగే చదువుకోవడానికి కూర్చున్నారు. సారా మీద ఒక పాఠం చదివారు. తాగుడు తన ఇంటి గుట్టు అనుకున్న ప్రతి ఆమెకూ అది ఊరందరి గోడు అని తెలిసింది. కలిసి కదిలారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. గుట్టు విప్పి మాట్లాడుకున్నాకే అంత పని జరిగింది.

మనం మన ఊరికి సరిపడా పని చేద్దాం. నాట్లు అయ్యేదాకా వంతులవారీగా ఒక్కొక్కరం పసిపిల్లల దగ్గర ఉందామా? మిగిలినవాళ్లు ఆమె కూలి తలా కొంచెం వేసుకుంటే సరి. అవ్వలు తోడుంటారు. తండ్రులు సాయంత్రం ఒక గంట బిడ్డను ఎత్తుకోలేరా? ఇంటికి వెళ్లి అడగండి.

అందరూ పలకలు తీయండి. పోయిన వారం రాసింది తుడిచేయమని నేను చెప్పను. అది నిజం. దాని కింద ఇంకొక వాక్యం రాయండి. ఈ రోజు మీ బిడ్డ కోసం మీరు చేసిన పని ఒకటి రాయండి.

అదీ నిజమే కదా.