ప్రశ్నోత్తరములు – బేరసారములు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేనొక టెలివిజన్ ఆటను గూర్చి చెప్పదలచితిని. వారు పెద్దమనసుతో మన్నింతురుగాక!

ప్రశ్నకు జవాబు చెప్పుట, అంగడిలో బేరమాడుట, ఈ రెండింటిని ఒక్క త్రాట కట్టిన ఆట యొకటి 2007 సెప్టెంబరులో అమెరికాలో వెలసినది. దాని పేరు ‘టెంప్టేషన్’, అనగా ప్రలోభము. మరుసటి ఏటనే అది ముగిసినది. దాని మాతృక మాత్రము దీర్ఘాయువు గలది. ‘సేల్ ఆఫ్ ది సెంచరీ’ అను ఆ ఆట 1969లో ఎన్.బి.సి.లో పుట్టి, 1973లో ఆగి, 1983లో మరల లేచి 1989 వరకు నడచినది. ఇంగ్లండులో నికొలస్ పార్సన్స్ దానిని 1971 నుండి 1983 వరకు నడపెను. ఆస్ట్రేలియావారు 1980 నుండి 2001 వరకు ఆడి, 2005లో ‘టెంప్టేషన్’ అను కొత్త పేరుతో పునరుద్ధరించిరి. అమెరికావారు ఆ పేరునే తెచ్చుకొనిరి.

ఈ ఆటల పాత ప్రదర్శనలు కొన్ని యూట్యూబులో చూచితిని. పోటీదారులు ముగ్గురు. 1983 నాటి పద్ధతిలో ఒక్కొక్కరికి మొదట 20 డాలర్లు. సరియైన జవాబుకు 5 డాలర్లు కూడును. తప్పినచో 5 తరుగును. ఇంతవరకు చిన్నపిల్లల లెక్క. నడుమ ప్రశ్నలాపి, అందరికంటె ముందున్నవాని యెదుట ఒక వస్తువు నుంచెదరు. వేల డాలర్ల సామాను పదిపదునైదు డాలర్లకే! కాని ఆ ధర అతని మార్కులనుండియే పోవును. మొగము తిప్పుకొన్నచో ధర తగ్గింతురు, లేదా కొంత నగదు చేర్తురు. సభ చప్పట్లు కొట్టును. వెనుకబడినవారికి ఈ బాధ లేదు. వారు ‘కొను, కొను’ అని మనసులో దీవించుచుందురు కాబోలు! కొన్నవాడు రెండు మూడు జవాబుల ఆధిక్యమును చేజేత విడిచినట్లే. మన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో సంపాదించినది తీసికొని లేచిపోవచ్చును. ఇచ్చట గెలుచుటకు కావలసిన రూకలే కొనుటకును కావలయును. ఈ మెలికయే నన్నాకర్షించినది.

చివర గెలిచినవానికి మరొక చిక్కు. కూడబెట్టిన సొమ్ముతో అందిన వస్తువు కొని ఇంటికి పోవలెనా, కారు మీద ఆశతో మరునాడు మరల పోటీకి దిగవలెనా? మరునాడోడినచో ఆ అవకాశము పోవును.

మనమును అట్టి ఆట యొకటి ఆడితిమి. 2020 అక్టోబరులో వచ్చిన ఎల్.టి.సి. నగదు వోచరు పథకము తమకు జ్ఞప్తి యుండును. 12 శాతము గాని అంతకు మించి గాని జి.ఎస్.టి. గల వస్తువులపై ఛార్జీకి మూడు రెట్లు ఖర్చు చేయవలెను, డిజిటల్‌గా చెల్లింపవలెను, 2021 మార్చి 31 గడువు. ఆ నెల చివరి వారమున నేనును కరోల్‌బాగులో గిన్నెలు కడుగు యంత్రమొకటి కొంటిని. బిల్లు పెట్టితిని, సొమ్ము వచ్చినది. ఆ ఎల్.టి.సి. మీద నేను రాజమహేంద్రవరము పోయి మా తల్లిగారిని చూడవలసి యుండెను. ఆ బ్లాకులో ఆ ప్రయాణము మరల రాలేదు. ఆమె ఫోనులో “మెషీను బాగా కడుగుతోందా నాయనా?” అని అడిగినది. బాగుగనే కడుగుచున్నదంటిని. నిజమునకు దానిపై ఉల్లిపాయల బుట్ట యున్నది.

అమెరికా ‘టెంప్టేషన్’ ఏల నిలువలేదో నాకు తోచినది చెప్పెదను. 2007 నాటికి అక్కడివారు ఇంట కూర్చుండియే కంప్యూటరుపై బేరములాడుచుండిరి. తమ చేతిలో మీట యుండగా ఇంకొకరి తడబాటు చూచుటకు అంత ఓపిక యేల? ఆస్ట్రేలియాలోను ఆ పేరిటి ఆట నాలుగేండ్లకు మించి నడువలేదు.

పిల్లలు గజ్జెలు కట్టుకొని తెరవెనుక నిలిచియున్నారు. కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. సెలవు.