గన్నవరం నుంచి రేణిగుంటకు ఎంతసేపు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను విమానాల టైంటేబుళ్లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచి మన బ్యాచ్ వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "గన్నవరం నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపురా?" దీనికి మూడు జవాబులున్నాయి. మూడూ నిజమే.

మొదటిది లెక్కల మాస్టారి జవాబు. గన్నవరం విమానాశ్రయం అక్షాంశం 16.5 డిగ్రీలు, రేణిగుంటది 13.6. తేడా 2.9 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 322 కి.మీ. రేఖాంశాల తేడా డిగ్రీంపావు. మన ప్రాంతంలో రేఖాంశానికి డిగ్రీకి 107 కి.మీ. గనుక అది 134 కి.మీ. ఇక పైథాగరస్‌ను పిలిస్తే కర్ణం సుమారు 350 కి.మీ. భూమి గుండ్రమే అయినా ఇంత చిన్న దూరానికి ఈ లెక్క చాలు. గూడూరు మీదుగా రైలు దారి దాదాపు 385 కి.మీ. అంటే ఆకాశంలో కలిసొచ్చేది 35 కిలోమీటర్లే!

రెండోది టైంటేబులు జవాబు. డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానం గంటకు 500 కి.మీ. పోతుంది. లెక్క ప్రకారం 42 నిమిషాలు. కానీ టికెట్ మీద గంటా పది నిమిషాల వరకు వేస్తాం. చక్రాలకు పెట్టిన దిమ్మలు తీసినప్పటి నుంచి, దిగాక మళ్లీ పెట్టేదాకా ఉన్న సమయం అది. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, గాలివాటాన్ని బట్టి చుట్టు తిరిగి దిగడం అన్నీ అందులోవే. జెట్ విమానం వేగం ఎక్కువే. అయినా ఇంత దగ్గరి ప్రయాణంలో ఎక్కడానికీ దిగడానికే దారంతా సరిపోతుంది. పది నిమిషాలు మిగిలితే గొప్ప.

మూడోది ఇంటి గడియారం చెప్పే జవాబు. బెజవాడ నుంచి గన్నవరం 20 కి.మీ., రేణిగుంట నుంచి తిరుపతి 15 కి.మీ. గంటన్నర, రెండు గంటలు ముందుగా చేరాలి. సామాను కోసం ఆగాలి. అంతా కలిపితే నాలుగున్నర గంటలు. రైలుకు ఆరేడు గంటలు. నేరుగా విమానం లేకపోతే హైదరాబాద్ మీదుగా 680 కి.మీ. చుట్టు తిరగాలి. మధ్యలో పడిగాపులు అదనం. అప్పుడు రైలే ముందు చేరుతుంది.

ఇదంతా ఎందుకంటే, మనలో చాలామంది అమ్మానాన్నలు ఇంకా ఇక్కడే ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ వస్తే మనకు కావలసింది వేగం కాదు, తెల్లవారగానే నేరుగా బయల్దేరే సర్వీసు. ప్రతి జిల్లాలోనూ విమానాశ్రయం అడుగుతున్నాం. అడగాలి. దాంతోపాటు రోజూ నడిచే నేరు సర్వీసునూ, పొద్దున వెళ్లి సాయంత్రం రాగలిగే వేళలనూ అడగాలి. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ విమానం ఎగిరినప్పుడు ఎంతో సంతోషించాం. అయితే ఆ పథకంలో లోటు భర్తీకి ఇచ్చే సొమ్ము ఒక మార్గానికి మూడేళ్లే. ఆ తర్వాత సీట్లు నిండితేనే సర్వీసు నిలుస్తుంది. కాబట్టి మన ఊళ్ల మధ్య విమానం వేస్తే, వీలున్నవాళ్లం ఎక్కుదాం.

ఇక్కడున్న పదో తరగతి పిల్లలకు ఒక మాట. రాజమండ్రి, కడప, కర్నూలు, విశాఖల మధ్య దూరాలు అట్లాసు చూసి ఇలాగే కట్టండి. మీ మాస్టారు దిద్దుతారు.