గంజాం తీరపు తెరచాప గృహస్థు



బరంపురం తెలుగువారి చరిత్ర చెప్పుకునేటప్పుడు పట్టు నేసిన చేతులను, తెలుగు బడులను, సాహిత్య సభలను తలచుకోవడం పరిపాటి. నగరానికి సుమారు 16 కిలోమీటర్ల దూరాన, గోపాల్‌పూర్ ఇసుక మీద తెల్లవారకముందే తెప్ప కట్టి తెరచాప ఎత్తిన తెలుగు గృహస్థు మాత్రం ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తాడు. ఒడియావారు నోలియాలని పిలిచే ఈ మత్స్యకారులలో వాడబలిజలు ముఖ్యులు; ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ గంజాం తీరం పొడవునా, అటు పూరీ పెంటకోట దాకా వీరు స్థిరపడ్డారు. గాలినే నమ్ముకుని సంసారాన్ని పోషించిన ఆ తరం గృహస్థును స్మరించడం, ఆయన నావికావిద్యకూ కుటుంబ జీవితానికీ ఉన్న సంబంధాన్ని వివరించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ తీరానికి నౌకాయాన చరిత్ర ప్రాచీనమైనది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న పలౌరాను గంజాం జిల్లాలోని పాలూరుగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. తీరం వెంట సాగే ఓడలు ఆగ్నేయాసియాలోని సువర్ణభూమి వైపు నడిసముద్రంలోకి మళ్ళే చోటు ఆ సమీపంలోనే ఉందని ఆయన రాశాడు. సముద్ర వ్యాపారం చేసిన సాధబుల స్మృతిగా కార్తిక పౌర్ణమినాడు ఒడిశా అంతటా చిన్న పడవలలో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు. బ్రిటిష్ కాలంలో గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచాయి. బతుకుతెరువు కోసం బర్మా వెళ్ళిన గంజాం కూలీలు ఎందరో ఇక్కడే ఓడ ఎక్కారు. సహజమైన ఓడరేవు లేనందువల్ల స్టీమర్లు దూరంగా లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ అక్కడికి చేర్చినవి మసూలా పడవలు, అంటే మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి చేసిన పడవలు. మేకులు కొట్టిన పడవ తీరపు కెరటాల దెబ్బకు పగిలిపోతే, కుట్టు పడవ ఆ దెబ్బకు కొంత వంగి నిలదొక్కుకునేది. ఓడల యజమానుల పేర్లు దస్తావేజులలో మిగిలాయి. ప్రతి ప్రయాణికుణ్ణీ కెరటాలు దాటించిన నోలియా పేరు వాటిలో దాదాపు కనిపించదు. 1942లో యుద్ధం బర్మాను ముంచెత్తడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. తెప్ప మాత్రం ఆగలేదు.

తెప్ప అంటే తేలికైన కొయ్య దుంగలను పడవ ఆకారంలో చెక్కి, పక్కపక్కన చేర్చి బిగించిన నావ. దాని లోపలికి నీరు రాకుండా ఆపేది ఏదీ లేదు. పైకి వచ్చిన కెరటం దుంగల సందుల్లోంచి మళ్ళీ జారిపోతుంది గనుక అది నిండి మునిగిపోదు. ఒడ్డుకు చేరగానే కట్లు విప్పి దుంగలను విడదీసి ఎండలో ఆరబెట్టేవారు, ఎందుకంటే నీరు పీల్చిన కొయ్య బరువెక్కి మరునాడు తేలికగా తేలదు. ఒక తెడ్డే చుక్కాని. ఒక పలకను పక్కన నీటిలోకి దింపితే గాలి తెప్పను అడ్డంగా నెట్టివేయకుండా ఆపుతుంది. మూడు మూలల నూలు గుడ్డే తెరచాప. ఈ కొద్దిపాటి సామగ్రితో నడిసముద్రానికి వెళ్ళి రావడం చేతి బలంతో అయ్యే పని కాదు. గాలినీ, నీటి పోకడనూ, మేఘాన్నీ ఏళ్ళ తరబడి చదువుకున్న విద్య అది.

ఆ విద్యకు మూలం గాలి మార్పు. రాత్రివేళ నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది గనుక తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి నీటి వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత అది తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. మొదటి గాలి తెప్పను తీసుకుపోతుంది, రెండవ గాలి ఇంటికి చేరుస్తుంది. మంచు గడ్డలు అందుబాటులో లేని కాలంలో పట్టిన చేప ఆ పూటే అమ్ముడుపోవాలి. తెప్ప చేరే వేళకు భార్య గంపతో ఇసుక మీద ఎదురుచూసేది, బేరం ఆమెదే, ఎండబెట్టడం ఆమెదే, ఇంటి ఖర్చుకు చేతిలో డబ్బు ఆడించినది చాలావరకు ఆమే. వచ్చిన చేపను తెప్ప యజమానికీ, వలకూ, వెళ్ళినవారికీ వాటాలు వేసేవారు. సముద్రం మీద మక్కువ ఒకటి, ఇంటి మీద బాధ్యత మరొకటి అని ఆ జీవితంలో విడదీయడానికి వీలు లేదు. ఎంత దూరం పోవాలో తెలిసినవాడి కంటే ఎప్పుడు చాప దించి వెనక్కి మళ్ళాలో తెలిసినవాడినే తీరం మంచి నావికుడిగా గౌరవించింది. ఆ నిగ్రహమే గృహస్థ ధర్మం. గంగమ్మకు మొక్కి బయలుదేరడంలోనూ తిరిగి రావాలనే కోరికే ప్రధానం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయినా, ఈ గృహస్థుకు గాలీ నీరూ మారలేదు. మార్పు తరువాతి దశాబ్దాలలో వచ్చింది: నైలాన్ వలలు, మోటార్లు, ఫైబర్ పడవలు వచ్చి శ్రమను తగ్గించాయి, దూరాన్ని పెంచాయి, వాటితోపాటు ఇంధనం ఖర్చునూ అప్పునూ తెచ్చాయి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేటపై నిషేధం అమలవుతోంది. తాబేళ్ళను కాపాడడం అవసరమే అయినా, వేటకు అనువైన నెలల్లో ఆ భారం చిన్న పడవల కుటుంబాల మీద పడుతోంది. 1999 అక్టోబరు 17న ఒక తుఫాను, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఈ తీరాన్నే తాకాయి. ఫైలిన్ గాలులు గంటకు 200 కిలోమీటర్లు దాటాయి. ముందస్తు హెచ్చరికలతో లక్షల మందిని తరలించడం వల్ల ప్రాణనష్టం తక్కువగా ఉన్నా, పడవలూ వలలూ పెద్దసంఖ్యలో పోయాయి. ఈ ఒత్తిళ్ళ నడుమ ఎందరో యువకులు ఇతర రాష్ట్రాల రేవులకు వలస వెళ్ళారు.

తెరచాపను తిరిగి తెమ్మని కోరడం న్యాయం కాదు. మోటారు ఇచ్చిన భద్రతను ఏ కుటుంబమూ వదులుకోనక్కర లేదు. కానీ గాలి వాసన పట్టి వాతావరణాన్ని చెప్పగల పెద్దలు ఇంకా ఈ పేటలలో ఉన్నారు. వారితోపాటే ఆ విద్య కూడా పోనివ్వడం జాతికి నష్టం. గాలులకు, కెరటాలకు, తెప్ప భాగాలకు వారు వాడే మాటలను, చాప కట్టే పద్ధతిని, బేరమాడిన స్త్రీల లెక్కలను వారి నోటి నుంచే విని, వారి పేర్లతోనే తెలుగులో నమోదు చేయడం బరంపురం సాంస్కృతిక సంస్థలు చేపట్టదగిన పని. పట్టు మగ్గానికి దక్కిన గౌరవం తెప్పకూ దక్కాలి. ఆ గృహస్థుకు ఈ నగరం పడిన ఋణం తీరేది స్తుతితో కాదు, ఆయన విద్యను ఆయన మనవలు చదువుకోగల పుస్తకంగా మార్చడంతోనే.