గంజి పట్టు, రంగు పట్టు



మేము చేనేత సంఘం పని చూసేవాళ్లం. మీరు సాంచాల మీద బతికేవాళ్లు. మగ్గం వేరైనా మన కష్టం నూలుతోనే. మా చదువు ఎనిమిదో తరగతి. అయినా ఈరోజు అణువుల గురించి రెండు మాటలు చెప్తాం. ఆ సంగతి తెలియక మేము ఒకసారి నష్టపోయినం.

అణువులకు రెండు రకాల పట్టు ఉంటది. ఒకటి లోపలి పట్టు. నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు గట్టిగా కలిసి ఉంటయి. రెండోది అణువుకు, అణువుకు మధ్య పట్టు. దీనికి బలం తక్కువ. నీళ్లు మరిగితే ఈ బయటి పట్టు వదిలి ఆవిరైతయి. ఆవిరి కూడా నీరే, లోపలి పట్టు చెదరదు.

ఇక్కడ సైజింగుల భీములకు గంజి పట్టిస్తరు, మా దగ్గర వీధిల పడుగు పరిచి కుంచెతో పెడ్తం. గంజి, పత్తి రెండూ గ్లూకోజు గొలుసులే. ఒకదాని హైడ్రోజన్ ఇంకొకదాని ఆక్సిజన్‌ను లాగుతది. దీన్ని హైడ్రోజన్ బంధం అంటరు. ఒక్కొక్కటి బలహీనమే, కానీ లెక్కలేనన్ని ఉంటయి కాబట్టి గంజి పోగును పట్టుకుంటది. పాలిస్టర్‌లో అట్లాంటి చోట్లు తక్కువ, అందుకే వట్టి గంజి దాని మీద సరిగా నిలవదు. నేసినాక గంజి ఎట్లాగూ పోవాల్సిందే, దానికి బయటి పట్టు చాలు.

రంగుకు అది చాలదు. డైరెక్ట్ రంగులు బయటి పట్టుతోనే పత్తికి అంటుకుంటయి, ఉతికిన కొద్దీ దిగుతయి. 1956లో ఇంగ్లాండ్‌లోని ఐ.సి.ఐ. కంపెనీ ప్రోసియన్ పేరుతో రియాక్టివ్ రంగులు తెచ్చింది. సోడా వేస్తే ఇవి పత్తి అణువుతో లోపలి పట్టే కలుపుకుంటయి.

ఇక మా నష్టం. ఒక పండుగకు తెల్ల చీరలకు ఎర్ర అంచు నేయించినం. రియాక్టివ్ రంగే కదా, దిగదని ధీమా. కొన్నవాళ్లు మొదటిసారి తడపంగనే ఎరుపు తెలుపుకెక్కింది. చీరలు వాపసు వచ్చినయి. నేసినోళ్లకు కూలి ఇచ్చినం, సంఘానికి పైసా రాలేదు.

తప్పు రంగుది కాదు, మాది. తొట్టిలో రంగంతా దారంతో కలవదు. కొంత నీళ్లతోనే కలిసి చెడిపోయి, బయటి పట్టుతో దారానికి వేలాడుతుంటది. దాన్ని ఉడుకు సబ్బు నీళ్లతో కడిగి తీసెయ్యాలె. పండుగ తొందరలో మేము చల్లనీళ్లతో సరిపెట్టినం.

అప్పటి నుంచి మా సంఘంలో ఒకటే మాట. నూలు సోడాలో చెప్పినంతసేపు ఉండాలె. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపొద్దు. ఆరినాక తడి తెల్లగుడ్డతో ఒత్తి చూడాలె. గుడ్డకు రంగు అంటితే మళ్లీ కడుగుడే.

మన పిల్లలు కెమిస్ట్రీ చదువుతున్నరు. బంధాల పాఠం పరీక్ష కోసమే అనుకోవద్దు బిడ్డలారా. మేము నష్టపోయి నేర్చుకున్నది మీరు చదివి నేర్చుకోండి, ఇంటికొచ్చి అమ్మానాయనలకు చెప్పండి.