ఉప్పు – గుర్దాలు – రక్తపోటు



బి.పి. అనగానే మనం గుండెనే తలచుకుంటాము. కాని ఒంట్లో ఉప్పు లెక్క చూసే గుమస్తాలు మూత్రపిండాలు, అంటే మన గుర్దాలు. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడగడతాయి. అందులో దాదాపు ఒకటిన్నర కిలోల ఉప్పుకు సరిపడే సోడియం ఉంటుంది. నూటికి 99 పాళ్ళకు పైగా తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన కొద్దిపాటిదే మూత్రంలో పోతుంది.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి పోటు పెరుగుతుంది. ఆ పోటుకే ఆరోగ్యమైన గుర్దాలు అదనపు ఉప్పును బయటికి నెట్టివేస్తాయి. పోటు దిగుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ గైటన్ 1972లో దీన్ని లెక్కలతో సహా వివరించారు.

బి.పి. ఉన్నవారిలో ఈ త్రాసు ముల్లు పక్కకు జరిగి ఉంటుంది. అంతే ఉప్పును పంపడానికి వారి గుర్దాలకు ఎక్కువ పోటు కావాలి. ఆ పోటే ఏళ్ళ తరబడి గుర్దాల సన్నని నాళాలను పాడుచేస్తుంది. పాడైన గుర్దా ఉప్పును మరింత పట్టి ఉంచుతుంది. "నాకు నొప్పేమీ లేదు కదా" అని మాత్రలు మానేసేవారు ఇది బాగా గ్రహించాలి. నొప్పి లేకుండానే నష్టం జరిగిపోతుంది.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అనగా చిన్న చెంచాడు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అచార్, అప్పడం, ఎండుచేపల ఉప్పు కూడా ఈ లెక్కలోదే. అమ్మలారా, సాలన్‌లో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించండి, నాలుక అలవాటు పడుతుంది. అయ్యలారా, దస్తర్‌ఖాన్ మీద ఉప్పుగిన్నె అడగకండి. డాక్టరు చెప్పనిదే మాత్ర మానకండి.